ఏరియేటర్ కప్లింగ్‌తో త్రీడీ మోడలింగ్: ల్యాబ్‌లో మొదటి పార్టు ఎలా చేయాలి

మెకానికల్ డిప్లొమా పిల్లలకు ల్యాబ్‌లో మొదటి వారమే నేనొక చిన్న పరీక్ష పెడతాను. పుస్తకంలోని కప్లింగ్ బొమ్మ చూసి ముప్పావుగంటలో కంప్యూటర్‌లో మోడల్ చేసి, దానికి మెరిసే ఉక్కు రంగు కూడా అద్ది చూపిస్తారు. ‘బాగుంది. రైతు ఫోన్ చేశాడు, షాఫ్ట్, అంటే తిరిగే ఇరుసు, 25 మిల్లీమీటర్లు కాదట, 32 అట. మార్చండి’ అంటాను. ఆ ఒక్క అంకె మార్చగానే సగం తెరల మీద ఎర్ర గుర్తులు వచ్చేస్తాయి. రంధ్రాలు గాల్లో తేలతాయి, షాఫ్ట్ జారకుండా కీ అనే ఇనుప ముక్క కూర్చునే గాడి, అంటే కీవే, మాయమవుతుంది. రంగు మాత్రం అలాగే మెరుస్తూ ఉంటుంది.

ఆ అంకె మార్చినా చెదరని పార్టును ఎలా కట్టాలో ఇక్కడ చెబుతున్నాను. ఉదాహరణకు మన చుట్టూ ఉన్న వస్తువునే తీసుకుందాం. భీమవరం నుంచి ఆకివీడు వైపు వెళితే రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో నీళ్లు చిమ్ముతూ, నీటికి గాలి అందించే ఏరియేటర్లు కనిపిస్తాయి. మోటారు వేగాన్ని గేర్‌బాక్సు తగ్గిస్తే, ఆ తిప్పుడును రెక్కల షాఫ్ట్‌కు అందించేది కప్లింగ్. అందులో ఒక ఫ్లాంజ్‌ను, అంటే గుండ్రటి పళ్లెం మధ్య నుంచి గొట్టంలాంటి హబ్ పొడుచుకొచ్చిన ముక్కను మనం చేయబోతున్నాం. మీరు తణుకులో ఉంటే రైసు మిల్లు పుల్లీని, కోనసీమలో ఉంటే కొబ్బరి పీచు యంత్రంలోని రోలరును పట్టుకోండి. అడుగులు ఇవే.

ముందు చేతిలోకి తీసుకోండి

పాత ముక్క ఒకటి పాత ఇనుము కొట్లో దొరుకుతుంది. ఉప్పునీటి చెరువులో నానిన ముక్క తుప్పుతో పొరలు పొరలుగా ఉంటుంది. వైర్ బ్రష్‌తో, కిరోసిన్‌తో శుభ్రం చేసిన తర్వాతే వెర్నియర్ పెట్టండి. తుప్పు పొర మీద కొలిస్తే మీరు కొలిచేది తుప్పునే.

బోరును, అంటే షాఫ్ట్ దూరే మధ్య రంధ్రాన్ని, ఒక్క దిక్కున కొలిచి వదిలేయకండి. నా దగ్గరున్న ముక్క ఒక అడ్డంలో 25.3, దానికి లంబంగా 25.1 చూపించింది. ఈ రెండూ అరిగిపోయిన కొలతలే. దీన్ని చేసిన మనిషి మనసులో ఉన్నది 25. అది నిర్ధారించుకోవడానికి దారులు రెండున్నాయి. మొదటిది, షాఫ్ట్‌ను హబ్ కూర్చోని చోట, అరగని చోట కొలవడం. రెండోది ఇంకా తేలిక: ఆ షాఫ్ట్ మీదున్న బేరింగ్ నంబరు చదవడం. 6205 అని గానీ యూసీపీ205 అని గానీ ఉంటే, చివరి రెండంకెలను 5తో గుణించండి. 05 ఇంటూ 5, అంటే 25 మిల్లీమీటర్లు. 04 నుంచి పైకి ఈ లెక్క పనిచేస్తుంది. వెర్నియర్ 0.02 వరకు చూపిస్తుంది కదా అని మోడల్‌లో 25.14 అని వేసే విద్యార్థి ప్రతి బ్యాచిలో ఒకరైనా ఉంటారు. వారిది శ్రద్ధే. కానీ అరుగుదలను కూడా డిజైన్ చేసేస్తున్నారు.

మన ముక్క కొలతలు ఇవి: ఫ్లాంజ్ బయటి వ్యాసం 120, మందం 12, హబ్ వ్యాసం 50, మొత్తం పొడవు 50, బోరు 25. నాలుగు ఎం10 బోల్టులకు 11 మిల్లీమీటర్ల రంధ్రాలు, వాటి కేంద్రాలు కూర్చునే వృత్తం, అంటే పీసీడీ, 90.

ఈ 90 వెనుక నాదొక పాత పొరపాటుంది. నేను చదువుకునే రోజుల్లో ఇలాంటి ముక్కనే 70 పీసీడీతో గీశాను. తెర మీద చూడముచ్చటగా ఉంది. చేయించి చెరువు గట్టు మీదికి తీసుకెళ్లాక చూస్తే బోల్టు దూరింది గానీ స్పానర్ దూరలేదు. 17 సైజు సాకెట్ బయటి వ్యాసం 24 దాకా ఉంటుంది. బోల్టు కేంద్రం 35 దగ్గర ఉంటే, సాకెట్ లోపలి అంచు 23 దగ్గరికి వస్తుంది. అక్కడేమో 25 దాకా హబ్ ఇనుము ఉంది. కంప్యూటర్‌కు బోల్టు తెలుసు, స్పానర్ పట్టుకునే చెయ్యి తెలియదు. ఆ రోజు గ్రైండర్‌తో సాకెట్‌నే అరగదీసి పని గడుపుకున్నాం. సాకెట్ మాది కాదు.

కాగితం మీద ఒక అరపేజీ

మౌస్ ముట్టుకోకముందే పెన్సిల్‌తో ముక్కను నిలువునా సగానికి కోసినట్టు ఒక బొమ్మ వేయండి. వంకరగా ఉన్నా ఫర్వాలేదు. అందులో మూడు విషయాలు తేల్చుకోవాలి. సున్నా బిందువు ఎక్కడ? నేనైతే బోరు అక్షం మీద, ఎదుటి ఫ్లాంజ్‌తో కలిసే ముఖం దగ్గర పెడతాను. ఎందుకంటే బిగించేటప్పుడు అన్నీ ఆ ముఖం నుంచే లెక్క. తర్వాత, ఏ కొలతలు రేపు మారవచ్చు? షాఫ్ట్ మారవచ్చు, బోల్టు మారవచ్చు. చివరగా, మారే కొలతతోపాటు ఇంకేవి మారాలి? షాఫ్ట్ లావైతే హబ్ కూడా లావవ్వాలి. హబ్ వ్యాసం షాఫ్ట్‌కు రెట్టింపు అన్నది మన మెషిన్ డిజైన్ పాఠంలో ఉన్నదే. దాన్ని కాగితం మీద ‘హబ్ = 2 × బోరు’ అని రాసుకోండి. ఈ ఒక్క వాక్యం తర్వాత బోలెడు శ్రమ తప్పిస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్?

మీ ల్యాబ్‌లో ఏది ఉంటే అది. సాలిడ్‌వర్క్స్, క్రియో, క్యాటియా, ఫ్యూజన్ — మెనూల పేర్లు మారతాయి, ఆలోచన మారదు. ఇంటి దగ్గర సాధన చేయడానికి ఫ్రీక్యాడ్ చాలు. అది ఉచితం, లైసెన్సు గడువుల గొడవ లేదు. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్ లేదా ఆ తర్వాతిది వేసుకోండి. పాత వెర్షన్లలో ఒక ముఖం మారితే దాని మీద కట్టినవన్నీ తప్పిపోయే జబ్బు ఉండేది. 1.0లో అది చాలావరకు తగ్గింది.

ఒకటి గుర్తుంచుకోండి. 1982లో వచ్చిన ఆటోక్యాడ్‌ను మన కాలేజీల్లో డ్రాయింగ్ బోర్డుకు బదులుగా వాడటం అలవాటు: గీత గీస్తాం, పక్కన కొలత రాస్తాం. ఇప్పుడు మనం నేర్చుకునే పారామెట్రిక్ పద్ధతిలో కొలతే గీతను నడుపుతుంది. 1980ల చివర ప్రో ఇంజనీర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇది పరిశ్రమలోకి వచ్చింది. మూలం ఇంకా పాతది. 1963లోనే ఇవాన్ సదర్లాండ్ ఎంఐటీలో చేసిన స్కెచ్‌ప్యాడ్‌లో, తెర మీద చేతికొచ్చినట్టు గీసి ‘ఈ రెండూ సమాంతరం’ అని చెబితే గీతలు వాటంతటవే సర్దుకునేవి.

కొత్త ఫైలు తెరవగానే యూనిట్లు మిల్లీమీటర్లలో ఉన్నాయో లేదో చూడండి. అంగుళాల్లో ఉన్న టెంప్లేటులో 120 అని కొడితే మూడు మీటర్లు దాటిన ఫ్లాంజ్ తయారవుతుంది. తర్వాత ఫైలుకు పేరు పెట్టి భద్రపరచండి, ప్రతి అడుగు చివరా కొత్త అంకెతో మళ్లీ భద్రపరచండి. వాన మొదలైతే కరెంటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. యూపీఎస్ కూత పెట్టడం మొదలెట్టాక ఫైలు కోసం వెతికితే లాభం లేదు.

ఆరు గీతల స్కెచ్

ఇక్కడ నిదానించండి. క్లాసు మొత్తంలో ఇదే ముఖ్యమైన అరగంట.

చాలామంది 120 వృత్తం గీసి 12 మందం లేపుతారు. దాని మీద 50 వృత్తం గీసి 38 లేపుతారు. మధ్యలో 25 రంధ్రం తవ్వుతారు. తప్పేమీ లేదు, పార్టు వస్తుంది. కానీ ఒక దాని నెత్తి మీద ఒకటి ఎక్కించారు కాబట్టి, కింది దాన్ని కదిలిస్తే పైవి ఊగుతాయి. ఈ ముక్కను లేతు మీద తిప్పి చేస్తారు. మీరూ తిప్పే చేయండి. సగం కోత ఆకారాన్ని ఒకే స్కెచ్‌గా గీసి, అక్షం చుట్టూ 360 డిగ్రీలు తిప్పితే — అదే రివాల్వ్ — ఫ్లాంజ్, హబ్, బోరు ఒక్క దెబ్బతో వస్తాయి.

ముందు నుంచి చూసే తలంలో స్కెచ్ తెరవండి. నిలువు అక్షాన్ని షాఫ్ట్ అక్షంగా పెట్టుకోండి. దానికి కుడి పక్కన ‘ఎల్’ అక్షరాన్ని పోలిన మూసిన ఆకారం, ఆరు గీతలతో, కొలతలు చూసుకోకుండా చేతికొచ్చినట్టు గీయండి. ఇప్పుడు కట్లు వేయాలి, అంటే కన్‌స్ట్రెయింట్లు.

లెక్క చూడండి. ఆరు గీతలకు ఆరు మూలలు. ఒక్కో మూల అటూ ఇటూ, పైకీ కిందికీ కదలగలదు. అంటే మూలకు రెండు చొప్పున 12 స్వేచ్ఛలు. మూడు గీతలు అడ్డం, మూడు నిలువు అని చెబితే ఆరు పోతాయి. మిగిలినవి ఆరు. కింది గీతను సున్నా బిందువు మట్టానికి కట్టేయండి, ఐదు మిగులుతాయి. బోరు, హబ్ వ్యాసం, ఫ్లాంజ్ వ్యాసం, మందం, మొత్తం పొడవు. సరిగ్గా ఐదు కొలతలు. ముక్కను వర్ణించడానికి లేతు మేస్త్రికి ఏ ఐదు అంకెలు చెబుతామో, స్కెచ్‌కు కావలసినవీ అవే. ఆరో కొలత వేయబోతే సాఫ్ట్‌వేర్ ఎదురుతిరుగుతుంది. నాలుగే వేస్తే ఎక్కడో ఒక గీత వదులుగా ఉంటుంది.

అన్ని కట్లూ పడ్డాయని రంగు చెబుతుంది. ఫ్రీక్యాడ్‌లో మామూలుగా స్కెచ్ మొత్తం ఆకుపచ్చగా మారుతుంది, సాలిడ్‌వర్క్స్‌లో నీలం గీతలు నల్లబడతాయి. రంగు మారకపోతే ఏదో ఒక మూలను మౌస్‌తో పట్టి లాగండి. ఏది కదిలితే దానికే కట్టు తక్కువ. ‘ఆకుపచ్చ కాకపోయినా పార్టు వచ్చింది కదా సార్’ అని పిల్లలు అంటుంటారు. వస్తుంది. రేపు 32 అన్నప్పుడు ఎటు జరుగుతుందో మాత్రం దాని ఇష్టం.

ఇక్కడే పడే గుంట ఇంకొకటుంది. మీరు గీసింది సగం కోత. అక్షం నుంచి గీతకు దూరం 25 అని వేస్తే తిప్పాక బోరు 50 అవుతుంది. వ్యాసార్ధంగా 12.5 వేయండి. లేదా బోరు విలువను రెండుతో భాగించే సూత్రం ఆ గడిలోనే రాయండి.

ఆ సూత్రం రాయడానికే ఫ్రీక్యాడ్‌లో స్ప్రెడ్‌షీటు ఉంది, మిగతా వాటిలో పారామీటర్లు, ఈక్వేషన్లు అంటారు. అందులో బోరు 25 అని ఒక్కచోటే ఉండాలి. హబ్ గడిలో 50 అని కొట్టకుండా ‘2 × బోరు’ అని రాయండి.

రంధ్రాలు, కీవే

రంధ్రాలు సులువు. కింది మట్టపు తలం మీద స్కెచ్ తెరిచి, కేంద్రం నుంచి 45 దూరంలో ఒకే ఒక్క 11 వృత్తం గీసి, ఆరపార తవ్వండి. దాన్ని పోలార్ ప్యాటర్న్‌తో అక్షం చుట్టూ నాలుగు చేయండి. నాలుగూ విడివిడిగా గీసినవారు, రేపు ఆరు బోల్టులు కావాలంటే మళ్లీ మొదటికి వస్తారు. లోతు దగ్గర ‘12’ అని అంకె ఇవ్వకండి, ‘మొత్తం ఆరపార’ అనే ఎంపిక పెట్టండి. ఫ్లాంజ్ మందం మారినా రంధ్రం రంధ్రంగానే ఉంటుంది.

కీవేకు మాత్రం పట్టిక చూడాలి, ఊహించకూడదు. షాఫ్ట్ 22 దాటి 30 వరకు ఉంటే కీ వెడల్పు 8, ఎత్తు 7. షాఫ్ట్‌లో 4 లోతు, హబ్‌లో 3.3 లోతు. కాబట్టి హబ్‌లో కీవే అడుగు నుంచి బోరు ఎదుటి గోడకు కొలత 28.3. స్కెచ్‌లో కేంద్రం నుంచి అయితే 15.8. దాన్నీ అంకెగా కాకుండా ‘బోరు / 2 + 3.3’ అని రాయండి, లేకపోతే బోరు 32 కాగానే కీవే మాయమవుతుంది. దీర్ఘచతురస్రాన్ని నిలువు అక్షానికి రెండు పక్కలా సమానంగా ఉండేలా సిమెట్రిక్ కట్టు వేయండి. ‘ఒక పక్క 4’ అని వేసి రెండో పక్క మరిచిపోవడం మామూలు.

చివరగా హబ్, ఫ్లాంజ్ కలిసే మూలలో దాన్ని గుండ్రం చేసే 3 రేడియస్ ఫిల్లెట్, బోరు అంచులకు 1 మిల్లీమీటరు చాంఫర్, అంటే ఏటవాలు కోత. ఫిల్లెట్లు అన్నిటికన్నా ఆఖరున వేయాలి. అవి అంచులను పట్టుకుని వేలాడతాయి కనుక, తర్వాత ఆ అంచును ఏం చేసినా ముందు విరిగేవి అవే. ప్రతి ఫీచరుకూ తెర పక్కనుండే జాబితాలో, అంటే ఫీచర్ల చెట్టులో, పేరు పెట్టండి: బోల్టు రంధ్రం, కీవే. స్కెచ్001, స్కెచ్002 అని వదిలేసిన ఫైలును నెల తర్వాత తెరిస్తే చేసినవారికే పరాయిదిగా ఉంటుంది. మీ పక్కవాడి ఫైలు నకలు చేసినా ఆ చెట్టే పట్టిస్తుందని కూడా చెప్పి ఉంచుతున్నాను.

ఇప్పుడు 32 వేయండి

స్ప్రెడ్‌షీటులో బోరు 25ను 32 చేయండి. ఊపిరి బిగపట్టక్కర్లేదు. కట్లు సరిగ్గా ఉంటే హబ్ తనంతట తానే 64 అవుతుంది, రంధ్రాలు ఉన్నచోటే ఉంటాయి. కానీ పని అయిపోలేదు. 30 దాటి 38 వరకు షాఫ్ట్‌కు కీ వెడల్పు 10, ఎత్తు 8 కావాలి. హబ్‌లో లోతు మాత్రం అదే 3.3. వెడల్పును మీరే మార్చాలి. అలాగే ఆ సాకెట్ లెక్క మళ్లీ వేయండి: 45లో 12 పోతే 33. హబ్ అంచు ఇప్పుడు 32కు వచ్చింది, దాని పాదంలో ఫిల్లెట్ 35 దాకా పాకింది. అంటే పీసీడీ పెరగాలి, దాన్ని మోయడానికి బయటి వ్యాసం పెరగాలి, ఎదుటి ఫ్లాంజ్ కూడా మారాలి. ఈ గొలుసును కాగితం మీద వేళ్లతో వెతుక్కోకుండా అరనిమిషంలో కళ్లముందు చూపిస్తుంది కాబట్టే ఈ చదువు. చూశాక మళ్లీ 25కు రండి.

బరువుతో సరిచూసుకోండి

సాఫ్ట్‌వేర్‌లో పదార్థం మైల్డ్ స్టీల్ అని పెట్టి, సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములని చూసుకుని బరువు అడగండి. దానికి ముందు చేత్తో లెక్క వేయండి. 120 పళ్లెం, 12 మందం: 1,35,717 ఘన మిల్లీమీటర్లు. దాని పైనున్న 38 పొడవు హబ్: 74,613. బోరు కింద 24,544, రంధ్రాల కింద 4,562, కీవే కింద దాదాపు 1,400 తీసేయండి. లక్షా ఎనభై వేల దగ్గర తేలుతుంది, బరువు 1.41 కిలోలు. తెర మీది అంకె 1.4 చుట్టుపక్కల ఉంటే సరే. బాగా తేడా వస్తే వ్యాసార్ధాల బదులు వ్యాసాలు వేశారేమో చూడండి. వేల రెట్లు తేడా వస్తే కంగారుపడకండి, ముందు యూనిట్లు చూడండి.

డ్రాయింగ్ షీటు, ఆ తర్వాత లేతు షాపు

మోడల్ నుంచి డ్రాయింగ్ తీయడం ఇప్పుడు నాలుగు క్లిక్కుల పని, కానీ ఏం తీయాలో మీరే చెప్పాలి. వ్యూలను కాగితం మీద అమర్చడంలో మన దేశపు పద్ధతి ఫస్ట్ యాంగిల్. అమెరికా టెంప్లేటు తెరుచుకుంటే థర్డ్ యాంగిల్‌లో పడిపోతుంది, వ్యూలు తారుమారవుతాయి. ఒక నిలువు కోత వ్యూ, ఒక ముందు వ్యూ చాలు. బోరుకు 25 హెచ్7 అని రాయండి, అంటే 25.000 నుంచి 25.021 లోపు. కీవేకు 15.8 రాయకండి. గాల్లో ఉన్న కేంద్రం నుంచి ఎవరూ వెర్నియర్ పెట్టలేరు. 28.3 రాయండి, అది రెండు ఇనుప గోడల మధ్య దొరుకుతుంది. ఫ్లాంజ్ బయటి వ్యాసానికి మూడు దశాంశాల టాలరెన్సు ఇచ్చి మేస్త్రి చేత నవ్వించుకోకండి.

ఆ షీటు పట్టుకుని మీ ఊరి లేతు షాపుకు వెళ్లండి. క్లాసులో ఇది లేదు, నేనే పంపిస్తాను. కిందటి బ్యాచి పిల్లలు ఇదే కాగితం తీసుకెళితే మేస్త్రి కాసేపు తిప్పి చూసి, ‘బాబూ, 120 రాడ్డు ముక్క కొనమంటారా దీనికి? నాలుగున్నర కిలోల ఇనుము. మూడు కిలోలు రజను చేసి ఊడ్చి పారేయాలి’ అన్నాడట. వాళ్లు తిరిగొచ్చి లెక్క వేశారు. 120 వ్యాసం, 50 పొడవు ముక్క 4.44 కిలోలు. తేలే పార్టు 1.41. మేస్త్రి చెప్పినట్టే.

అతను చెప్పిన దారి ఇది: ప్లేటును గుండ్రంగా కోసి మధ్యలో రంధ్రం చేసి, అందులో 55 రాడ్డు ముక్క దూర్చి వెల్డు చేయడం. అలవెన్సులన్నీ కలిపినా రెండు కిలోల పైచిలుకు ఇనుముతో పోతుంది. కాబట్టి మీరూ ఫైలును కొత్త పేరుతో భద్రపరచి రెండు బాడీలుగా విడదీయండి, ఒకటి ప్లేటు, ఇంకొకటి హబ్. రెండింటి కొలతలూ అదే స్ప్రెడ్‌షీటు నుంచి తీసుకోవాలి. కోసే మనిషికి ప్లేటు ఆకారాన్ని కోత యంత్రం చదవగలిగే డీఎక్స్ఎఫ్ ఫైలుగా ఇవ్వండి. వెల్డింగ్ వేడికి ముక్క వంకర పోతుంది. అందుకని ముఖాన్ని లేతు మీద చదును చేయడం, బోరు 25కు తేవడం, కీవే స్లాటింగ్, నాలుగు రంధ్రాలు — ఇవన్నీ వెల్డింగ్ తర్వాతే అని డ్రాయింగ్‌లో కుడి పక్కన పెద్ద అక్షరాలతో రాయండి.